మేస్త్రి నోరు, మన ఇల్లు

మున్సిపాలిటీలో చీపురు పట్టే అక్క తెల్లారి అయిదింటికే మస్టరు కాడ నిలబడాలి. పది నిమిషాలు ఆలస్యమైతే మేస్త్రి ఏమంటాడు? "ఇంటికి పోవే". ఆ రోజు కూలి పోయినట్టే. పిల్లకి జొరమన్నా వినడు. 1989 అట్రాసిటీ చట్టానికి దొరక్కుండా, కులం పేరెత్తకుండానే కులాన్ని తిట్టే విద్య వాళ్లకి బాగా తెలుసు. ఆ తిట్టు సాయంత్రం ఎక్కడికి పోతుంది? పిల్లల వీపు మీదికి. మొగుడూ అక్కడే మాటపడ్డవాడైతే వైన్ షాపుకీ, ఆనక పెళ్లాం మీదికీ. (మేస్త్రి తిట్టాడని పెళ్లాన్ని కొట్టేవాడికి మన సంఘంలో మాఫీ లేదు, అది వేరే సంగతి.)

మేస్త్రి చాలాచోట్ల మనోడే. కాంట్రాక్టరు వాణ్ణి తిడతాడు, వాడు మనల్ని.

1928లోనే బొంబాయి కౌన్సిల్లో ప్రసూతి బిల్లుని బాబాసాహెబ్ సమర్థించారు. పని చేయించుకున్నోడే కొంత భారం మోయాలన్నారు. 2017 సవరణ 26 వారాల జీతపు సెలవు, 50 మంది పనిచేసేచోట పిల్లల గది అని రాసింది. ఏ మస్టరు కాడ ఉందయ్యా ఆ గది?

సంఘాలు జీతం పెంచమంటున్నాయి, మంచిదే. వారం సెలవు, ఆలస్యానికి కూలి కోయకపోవడం, "ఒసే, ఏమే" మానడం కూడా ఆ డిమాండ్ల కాగితంలో జీతం పక్కనే రాయండి. సంతకానికి ముందు ఆడవాళ్లకి చదివి వినిపించండి.