నిత్యయవ్వనం ఎవరి అవసరం?

రాబర్ట్ జెమెకిస్ 1992లో తీసిన 'డెత్ బికమ్స్ హర్' సినిమాను రెండు రకాలుగా చదవడం మామూలైపోయింది. వయసు మీద పడిన ఆడవాళ్లను వెక్కిరించి డబ్బు చేసుకున్న స్త్రీద్వేషపు సినిమా అని కొందరంటారు. కాదు, హాలీవుడ్ సౌందర్య వ్యామోహాన్నే ఎద్దేవా చేసిన వ్యంగ్య చిత్రమని మరికొందరంటారు. రెండు వాదనలకూ సినిమాలో సాక్ష్యాలు దొరుకుతాయి. అయితే రెండూ ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకుంటున్నాయి. ఇక్కడి జబ్బు పేరు వ్యామోహం అనీ, అది ఆ ఇద్దరు ఆడవాళ్ల మనసుల్లో పుట్టిందనీ. నా పేచీ అక్కడే. కథానాయిక మెడలిన్ యాష్టన్ భయపడుతున్నది అద్దంలో కనిపించే ముడతలకేనా? ఆ ముడతలతోపాటు పోయే పనికీ, ఇంట్లో స్థానానికీ, సంఘంలో ఉనికికీ కాదా?

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 1978లో మెడలిన్ (మెరిల్ స్ట్రీప్) బ్రాడ్‌వేలో ఆడుతున్న నాటకం మధ్యలోనే జనం లేచి వెళ్లిపోతుంటారు. పాత స్నేహితురాలు హెలెన్ షార్ప్ (గోల్డీ హాన్) తను పెళ్లాడబోయే ప్లాస్టిక్ సర్జన్ ఎర్నెస్ట్ మెన్‌విల్‌ను (బ్రూస్ విల్లిస్) ఆ నాటకానికి తీసుకొస్తుంది. ఎర్నెస్ట్ మెడలిన్‌ను పెళ్లి చేసుకుంటాడు. హెలెన్ తిండిలోనూ, ఆ తరవాత మానసిక చికిత్సాలయంలోనూ కొన్నేళ్లు గడుపుతుంది. పద్నాలుగేళ్ల తరవాత ముగ్గురూ మళ్లీ ఎదురుపడతారు. అప్పటికి ఎర్నెస్ట్ తాగుబోతు, శవాలకు రంగులు పూసి అలంకరించే పని చేస్తుంటాడు. హెలెన్ మాత్రం సన్నగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అది చూసి తట్టుకోలేక మెడలిన్, యవ్వనాన్ని తిరిగి తెచ్చే మందును ఒక వింత స్త్రీ దగ్గర కొని తాగుతుంది. హెలెన్ అంతకుముందే తాగి ఉంది. ఇక ఇద్దరికీ చావు లేదు, శరీరాలు మాత్రం చచ్చిపోతాయి. మెడ విరిగి తల వెనక్కి తిరిగినా, తుపాకీ దెబ్బకు కడుపులో కంత పడినా లేచి నడుస్తూనే ఉంటారు. అమృతం గొంతు దిగేలోపల తల తెగిన రాహువు గతే వీళ్లకూ పట్టింది. ఈ వింతలన్నీ తెరమీద నమ్మించగలిగినందుకు సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్‌లో ఆస్కార్ వచ్చింది.

సినిమా విడుదలైనప్పుడు స్ట్రీప్‌కు 43 ఏళ్లు, హాన్‌కు 46. తనకు నలభై నిండాక ఒకే ఏడాదిలో మూడు మంత్రగత్తె పాత్రలు వచ్చాయని స్ట్రీప్ తరవాతి రోజుల్లో చెప్పారు. అప్పటికే రెండు ఆస్కార్లు అందుకున్న నటి ఆమె! నటనలో ఆమెతో పోటీపడగలవాళ్లు అరుదు. అయినా నలభై దాటగానే పరిశ్రమకు ఆమెలో మంత్రగత్తే కనిపించిందంటే, తక్కిన నటీమణుల సంగతి చెప్పనక్కరలేదు. అందుచేత మెడలిన్ భయం ఆమె బుద్ధిలోని వెర్రి అని కొట్టిపారేయలేం. తన చుట్టూ ఉన్న మార్కెట్‌ను సరిగ్గా అంచనా వేసుకున్న మనిషి భయం అది.

ఈ అంచనా సినిమా తీసినవాళ్లకు తెలియదని నేననుకోను. కానీ ఎక్కడ నవ్వాలో ప్రేక్షకులకు చెప్పేటప్పుడు వాళ్లు ఆ సంగతి మరిచిపోతారు. హెలెన్ లావెక్కిన భాగం చూడండి. గోల్డీ హాన్ ఒంటికి దిండ్లలాంటి కవచం తొడిగి, ఇంటినిండా పిల్లుల్ని పెట్టి, నవ్వమంటారు. కాబోయే భర్త పోయి, మనసు చెదిరి, ఇల్లు కూడా పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆ ఐదు నిమిషాల్లో వ్యంగ్యం ఎవరిమీదో నాకు అర్థం కాలేదు. పరిశ్రమ మీద మాత్రం కాదు.

దీనికి పూర్తిగా భిన్నంగా, సినిమాలో నాకు బాగా నచ్చిన ఘట్టం మందు కొనే ఘట్టం. అక్కడ జరిగేదంతా వ్యాపారం. ధర ఎంతో మనకు తెలియనివ్వరు, మెడలిన్ మొహం చూసి ఊహించుకోవాలి. ఆమె చెక్కు రాసి, మందు గుటకేశాక, అప్పుడు ఆ అమ్మిన స్త్రీ తీరిగ్గా హెచ్చరిక చెబుతుంది. శరీరాన్ని జాగ్రత్తగా చూసుకో, చాలాకాలం దానితోనే బతకాలి అని. హెచ్చరిక ఇప్పుడా అని మెడలిన్ గుడ్లురుముతుంది. హాలంతా నవ్వే చోటు అది. ఆ నవ్వు వెనక ఒక నిజమైన చరిత్ర ఉంది. సిలికాన్ జెల్‌తో చేసిన కృత్రిమ రొమ్ములు అమెరికాలో 1960ల తొలి సంవత్సరాల నుంచీ లక్షలాది ఆడవాళ్ల శరీరాల్లోకి వెళ్లాయి. అవి సురక్షితమని తయారీదారులు తగిన ఆధారాలు చూపలేదంటూ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వాటి వాడకంపై ఆంక్షలు పెట్టింది ఎప్పుడో తెలుసా? 1992లో, ఈ సినిమా విడుదలైన ఏడాదే. ముప్ఫై ఏళ్లు వాడాక హెచ్చరిక! కోర్టు దావాల వెల్లువలో ప్రధాన తయారీ సంస్థ డౌ కార్నింగ్ 1995లో దివాలా పిటిషన్ వేసుకుంది. 2006లో కొన్ని షరతులతో ఆ సరుకు మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. ముఖం మీది ముడతలకు బోటులినమ్ విషాన్ని సూదితో ఎక్కించవచ్చని కెనడా వైద్య దంపతులు కారుథర్స్ వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించినది కూడా 1992లోనే. పదేళ్లకు, 2002లో, బోటాక్స్‌కు సౌందర్య చికిత్సగా అమెరికాలో అనుమతి దొరికింది. సినిమాలో సీసాడు మందు ఒకేసారి తాగితే సరిపోయింది. బోటాక్స్ కొన్ని నెలలకోసారి చేయించుకోవాలి. వ్యాపారం దృష్టితో చూస్తే మంత్రగత్తె కంటే కంపెనీయే తెలివైనది.

ఆ మందు అమ్మే పాత్ర వేసిన ఇసబెల్లా రొస్సెలీనీకి అప్పుడు 40 ఏళ్లు. తెరమీద ఆమె తన వయసు 71 అని చెప్పుకుంటుంది. బయట జీవితంలో ఆమె 1980ల నుంచీ ఫ్రెంచి సౌందర్య సాధనాల కంపెనీ లాంకోమ్‌కు ప్రచార వదనం. నలభైల్లోకి వచ్చాక, ఆడవాళ్లు యవ్వనం గురించి కలలు కంటారు, నీ వయసు ఆ కలకు సరిపోదన్న ధోరణిలో కంపెనీ తనను తప్పించిందని ఆమే బహిరంగంగా చెప్పారు. అది 1990ల మధ్యలో జరిగింది. అరవై దాటాక, 2016లో, అదే కంపెనీ ఆమెను మళ్లీ పిలిచింది. వయసు మళ్లిన స్త్రీలు కూడా పెద్ద కొనుగోలుదార్లేనని ఈలోపు కంపెనీలు గ్రహించాయి కదా! నిత్యయవ్వనం అమ్మే పాత్ర వేసిన మనిషే ఆ సరుకు చేతిలో ఉద్యోగం పోగొట్టుకుంది. సినిమాలో ఉన్న వ్యంగ్యాల కంటే ఈ వ్యంగ్యం పదునుగా ఉంది.

ఇక ఎర్నెస్ట్ సంగతి. ఇతన్ని సినిమా మనకు మంచివాడుగా, బాధితుడుగా చూపిస్తుంది. కాస్త నిదానంగా ఆలోచిద్దాం. ఇతని వృత్తి ఆడవాళ్ల ముఖాలు కోసి కుట్టడం. ఆడవాళ్లు ముసలివాళ్లు కాకూడదన్న నియమం మీదనే ఇతని ప్రాక్టీసు నడిచింది. హెలెన్‌తో కలిసి భార్యను చంపే పథకం వేసుకుంటాడు. ఆ పథకం కంటే ముందే, ఒక రాత్రి తగాదాలో, మెట్ల అంచున ఉన్న భార్య కిందికి దొర్లిపోవడానికి కారకుడవుతాడు. మెడ విరిగి పడి ఉన్న ఆమెకు సాయం కోసం డాక్టరుకు కాక, హెలెన్‌కు ఫోన్ చేస్తాడు. ఇంట్లో మెట్ల మీద నుంచి, వంటింటి మంటల్లోంచి ఆడవాళ్లు ఎలా 'ప్రమాదవశాత్తూ' చనిపోతారో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. అమెరికాలో నవ్వులాటగా చూపించిన ఈ దృశ్యం మన మహిళా సంఘాల కార్యకర్తలు రాసుకునే కేసు కాగితంలా ఉంటుంది.

అయితే ఇతనికి దొరికిన ముగింపు ఏమిటి? ఇతను మందు తాగడానికి ఒప్పుకోడు, పారిపోతాడు. ముప్ఫై ఏడేళ్ల తరవాత చర్చిలో ఇతని అంత్యక్రియలు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలను కన్నాడు, దానధర్మాలు చేశాడు, బిడ్డల్లోనూ మిత్రుల హృదయాల్లోనూ అమరుడయ్యాడని మతగురువు పొగుడుతాడు. భార్యను చంపబోయిన సంగతి ఆ పొగడ్తలో ఎక్కడా రాదు. హంతకుడు కాబోయినవాడికి నిజమైన అమరత్వం, వయసు దాచుకోబోయిన ఆడవాళ్లకు కుళ్లిపోయే శరీరాలు. ఈ తీర్పు ఇచ్చిందెవరు? కథ రాసిన ఇద్దరూ మగవాళ్లు, తీసినవాడు మగవాడు. యాభై దాటాక జీవితం కొత్తగా మొదలుపెట్టి, గౌరవంగా ముసలివాడై చావడం గొప్ప సంగతే. ఆ అవకాశం మెడలిన్‌కు ఎవరైనా ఇచ్చారా?

నిత్యయవ్వనం ఆడవాళ్ల పిచ్చి అనేవాళ్లు మన భారతంలోని యయాతి కథ ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. అందులోనూ ఒక మగవాడి చుట్టూ ఇద్దరు ఆడవాళ్లు, దేవయాని, శర్మిష్ఠ ఉన్నారు. వాళ్ల మధ్య పంతం కూడా ఉంది. కానీ యవ్వనం కావాలని దేబిరించినవాడు యయాతి. కన్నకొడుకు పూరుడి వయసు పుచ్చుకుని వెయ్యేళ్లు అనుభవించాడు. ఆ వెయ్యేళ్లలో దేవయానీ శర్మిష్ఠల వయసు ఏమైందో మనం ఎప్పుడైనా అడిగామా? మన తెర మీద కూడా యయాతులకు లోటు లేదు. 1972లో 'బడిపంతులు'లో ఎన్.టి.రామారావుకు మనవరాలిగా నటించిన శ్రీదేవి, 1979లో 'వేటగాడు'లో ఆయన సరసన కథానాయిక. ఆయనకు అప్పుడు 56 ఏళ్లు. దాన్ని ఎవరూ వ్యామోహం అనలేదు, మాస్ ఇమేజ్ అన్నారు.

తెర వ్యవహారమే కదా అనుకుంటే పొరపాటు. 1981లో సుప్రీంకోర్టు ఎయిర్ ఇండియా, నర్గేష్ మీర్జా కేసులో తీర్పిచ్చింది. అప్పటి నియమాల ప్రకారం ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం 35 ఏళ్లకు ముగిసేది. మేనేజింగ్ డైరెక్టర్ దయతలిస్తే ఏడాదికింత చొప్పున 45 దాకా పొడిగించేవారు. నాలుగేళ్ల సర్వీసు లోపల పెళ్లి చేసుకున్నా, మొదటి గర్భం వచ్చినా ఉద్యోగం పోయేది. అదే విమానంలో అదే తరహా పని చేసే మగ పర్సర్లు 58 దాకా ఉండేవారు. గర్భం నియమం స్త్రీత్వానికే అవమానమని కోర్టు కొట్టేసింది. మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టాన్నీ కొట్టేసింది. కానీ వయసులో తేడాను మాత్రం వేరు వేరు కేడర్లన్న పేరుతో నిలబెట్టింది, పెళ్లి షరతునూ ఉంచింది. 2003లో కూడా ఆడవాళ్లను 50కి విమానం దించడం వివక్ష కాదన్నది. ఈ కేసులు పోరాడిన స్త్రీలు యవ్వనం ఇమ్మని అడగలేదు. వయసు పెరుగుతూ పని చేసుకునే హక్కు అడిగారు. మెడలిన్‌కు అలాంటి యూనియన్ లేదు, దరఖాస్తు పెట్టుకోవడానికి కోర్టు లేదు. మందు సీసా ఉంది.

ఆడదానికి ఆడదే శత్రువన్న సామెతను ఈ సినిమా ఎంత హుషారుగా వాడుకున్నా, చివరికి దాన్ని నిలబెట్టుకోలేకపోయింది. పారలతో కొట్టుకున్నాక, ఒకరికొకరు నొప్పి కలిగించలేమని తెలిశాక, ఇద్దరూ కూర్చుని పాత సంగతులు మాట్లాడుకుంటారు, క్షమాపణలు చెప్పుకుంటారు. ఎర్నెస్ట్ ఉన్నంతసేపూ అతనితో రంగులు వేయించుకోవడం మీదే వాళ్ల ఆశ. అతను పారిపోయాక దిక్కులేక ఒకరి వీపుకు మరొకరు రంగు వేసుకోవడానికి ఒప్పుకుంటారు. మన పల్లెల్లో ఆడవాళ్లు ఒకరి చేలో ఒకరు బదులుకు వెళ్లినట్టే. 2024లో వచ్చిన 'ది సబ్‌స్టాన్స్' సినిమాలో నటిని యాభయ్యో పుట్టినరోజున పనిలోంచి తీసేసే మగ అధికారి మనకు కళ్లారా కనిపిస్తాడు. అతని నోట్లో నమిలే రొయ్యలతో సహా. ఆ కోపం 'డెత్ బికమ్స్ హర్'లో లేదు, అక్కడ యజమాని ఎక్కడా తెరమీదకు రాడు. కానీ 'ది సబ్‌స్టాన్స్'లో ఆ నటికి రంగు వేసే తోటి ఆడది కూడా లేదు.

ఆ అంత్యక్రియల్లో వెనక వరసలో కూర్చుని వినేది ఈ ఇద్దరే, ముసుగుల వెనక పెచ్చులూడిన రంగులతో. అమరత్వం గురించి గురువు చెబుతున్నది విని విసుక్కుంటూ బయటికి నడుస్తారు. మెట్ల మీద జారి ముక్కలు ముక్కలవుతారు. ఒక తల ఇంకో తలను అడుగుతుంది, కారు ఎక్కడ పెట్టామో గుర్తుందా అని.