దళారికి సుంకము, నర్సుకు ఋణము

మన యాడుబిడ్డలు నర్సు విద్య నభ్యసించి, జీవనమునకై విదేశములకు పోవుచున్నారు. దీనిని నిందించువారితో మేమేకీభవింపము. స్వశక్తిచే బ్రతికి కన్నవారిని పోషింపగోరు యువతిని సముద్రము దాటవలదనుటకు మనకు హక్కు లేదు. మా యాక్షేపణ యామె ప్రయాణమును గూర్చినది గాదు; త్రోవలో నామెయొద్ద గుంజబడు సుంకమును గూర్చినది.

వీసాకు వలయు యోగ్యత యెట్టిది? బ్రిటనునకు పోవునామె యాంగ్లభాషా పరీక్షయందును, కంప్యూటరుపై జరుగు వృత్తిపరీక్షయందును, పిదప రోగి పరిచర్యను చేసి చూపు పరీక్షయందును గెలువవలెను. జర్మనీకి పోవునామె యాదేశభాష నేర్చి, తన పట్టాకు అచ్చటి గుర్తింపు పొందవలెను. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష గలదు. ఇవి యన్నియు చదువుచే లభించునవి. దళారి యమ్మగలవి గావు.

అయినను అమ్మకము సాగుచునే యున్నది. ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నునకును మించరాదని నిబంధన. వసూలగుచున్నవి లక్షలు. 2015లో కువైటు నియామకములందు 19,500 రూపాయలు పుచ్చుకొనవలసిన చోట 19.5 లక్షలు గుంజిరను నారోపణపై సీ.బీ.ఐ. కేసు పెట్టెను. ఆ యేటనే కేంద్ర ప్రభుత్వము, వలస యనుమతి వలయు 18 దేశములకు నర్సుల నియామకము ప్రభుత్వ సంస్థల ద్వారానే జరుగవలెనని యాజ్ఞాపించెను. మంచిదే. కాని బ్రిటను, జర్మనీ, అమెరికాలు ఆ పట్టికలోనివి గావు. ఇక హద్దు మీరి వసూలు చేసినవానికి 1983 నాటి వలస చట్టము విధించిన శిక్ష యెంత? రెండేండ్లకు మించని ఖైదు, రెండువేల రూపాయలకు మించని జుల్మానా! లక్షలు దోచువానికి రెండువేలు శిక్షయా, లైసెన్సు రుసుమా?

ఋణము మనుజుని స్వేచ్ఛను హరించును. పూర్వము బర్మాకు తెలుగు కూలీలను గొనిపోయిన మేస్త్రీలు బయానా నిచ్చి బంధించిరి. నేటి దళారి బయానా తానే పుచ్చుకొని బంధించుచున్నాడు. 2014లో ఇరాకునందలి తిక్రీతు ఆసుపత్రిలో చిక్కుకొనిన 46 మంది నర్సులు స్వదేశమునకు చేరిరి. ఫిరంగుల మ్రోత నడుమ సైతము ఇంటి యప్పును, రావలసిన జీతమును తలచి, వారిలో కొందరు తొలుత కదలుటకు సంశయించిరి. అప్పు ప్రాణభీతిని సైతము మించినది!

ప్రభుత్వములు చేయవలసినది స్పష్టము. తెలంగాణమున టామ్‌కామ్, ఆంధ్రమున ఓంక్యాప్ అను ప్రభుత్వ సంస్థలు గలవు. వాని సేవ ప్రతి జిల్లా కేంద్రమునకు రావలెను. నర్సింగు కళాశాలలయందే రుసుము లేక భాషాశిక్షణ నీయవలెను. జుల్మానాను దోపిడికి తగినట్లు పెంచవలెను. ఇచ్చటనే యుండగోరు నర్సునకు తగిన జీతము రావలెను. సుప్రీంకోర్టు ఆదేశముపై 2016లో నేర్పడిన సంఘము, ఏబది పడకలకు లోబడిన ప్రైవేటు ఆసుపత్రులందు సైతము నెలకు 20,000 రూపాయలకు తక్కువ యీయరాదనెను. ఆ మాట కాగితముననే మిగులరాదు.

పురజనులు చేయవలసినదియు గలదు. "ఏజెంటు రుసుము 30,000, దానిపై పన్ను మాత్రమే; రసీదు లేక పైకమీయకుడు; లైసెన్సును ఈ-మైగ్రేటునందు చూచుకొనుడు" అని ప్రతి పఠనమందిరపు గోడపై వ్రాసి పెట్టుడు. మన బిడ్డ చదివి గడించిన యోగ్యతను ఇల్లు తాకట్టుపెట్టి మరల కొనవలసిన దుర్గతి స్వతంత్ర దేశమునకు తలవంపు.