ఊరి కుక్కకూ నట్టల మందు

పొలానికి కొట్టే మందు కుక్క ఒంటికి పూయకండి. ఈ వారం శీర్షిక మొత్తం చదివే తీరిక లేనివాళ్లు ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకున్నా చాలు. మునగపాక చుట్టుపక్కల చెరకు రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా ఏదో ఒక మూల ఉంటుంది. పశువుల పిడుదులకు నీళ్లలో కలిపి రాసే మందు సీసా కూడా ఉంటుంది. కుక్క ఒళ్లంతా గోక్కుంటూ గుమ్మంలో పొర్లుతుంటే చూడలేక, జాలితోనే, చేతికందిన సీసా తీసి కొలతా గిలతా లేకుండా ఒంటి మీద పోసేస్తారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది. కాసేపటికి చొంగ కారుస్తుంది, వణుకుతుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది. తెల్లారేసరికి ఉండదు. ఎక్కడో ఏదో తిని చచ్చిపోయిందనుకుంటాం. అది తిన్నది మనం పోసిన మందే.

కిరోసిన్ పూయడం, గమేక్సిన్ పొడి చల్లడం కూడా ఇలాంటివే. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి తప్పనిపించదు. కానీ ఇప్పుడు ఆ అవసరం లేదు. నోటి ద్వారా వేసే మాత్రలు వచ్చి చాలా ఏళ్లయింది. వాటి గురించి పట్నంలో జాతికుక్కలు పెంచేవాళ్లకు తెలిసినంతగా మన ఊళ్లలో తెలియదు. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాను.

ముందు దురద సంగతి. బెల్లం వంట రోజుల్లో గానుగల దగ్గరికి వెళ్లి చూడండి. ఎండబెట్టిన పిప్పి కుప్పల నీడలో, పొయ్యి వెచ్చదనం తగిలేచోట ఊరి కుక్కలు పడుకుని ఉంటాయి. కుక్క ఒంటి మీద దూకే పేలకు అంతకంటే మంచి చోటు లేదు. ఆడపేను ఒకసారి రక్తం తాగాక రోజుకు నలభై దాకా గుడ్లు పెడుతుంది. అవి బొచ్చుకు అంటుకుని ఉండవు, జారి కింద పడతాయి. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడి దుమ్ములో, గోనెసంచుల్లో, మంచం కింద పిల్లపురుగులై, గూళ్లు కట్టుకుని నెలల తరబడి కాచుకుని ఉంటాయి. మనకు బొచ్చులో కనబడేవి మొత్తంలో చాలా కొద్ది భాగమే. ఈ రోజు సబ్బుతో రుద్ది స్నానం చేయిస్తే ఎల్లుండికి మళ్లీ ఎక్కడానికి కారణం అదే. పిడుదుల తీరు ఇంకోలా ఉంటుంది. అవి గోడ పగుళ్లలోకి పాకి అక్కడ గుడ్లు పెడతాయి. మన వేడి వాతావరణంలో పేలకంటే వీటితోనే ప్రాణాపాయం ఎక్కువ. పిడుదు కరిచినప్పుడు ఎర్లీషియా, బబీసియా అనే సూక్ష్మజీవులు కుక్క రక్తంలోకి వెళ్తాయి. జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కారుతుంది. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు దిగదుడిచి కూర్చుంటే కుక్క దక్కదు.

పేలు, పిడుదులు రెంటికీ కలిపి 2013 నుంచి కొత్త రకం మాత్రలు వచ్చాయి. అఫోక్సోలానర్, ఫ్లూరాలానర్, సారోలానర్ అని వాటి పేర్లు. మొదటిదీ చివరిదీ నెలకొకసారి వేస్తారు, ఫ్లూరాలానర్ దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది. మాత్రలోని మందు రక్తంలో కలుస్తుంది, ఆ రక్తం తాగిన పేను, పిడుదు చస్తాయి. అంటే అవి కరవాలి, కరిచాకే చస్తాయి. మాత్ర వేసిన మర్నాడు ఒంటి మీద ఒక పిడుదు కనబడిందని మందు పనిచేయలేదనుకోవద్దు. ఇంకొకటి కూడా చెప్పాలి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల వల్ల కొన్ని కుక్కలకు వణుకు, తూలుడు, మూర్ఛ రావచ్చని హెచ్చరించింది. చాలా కుక్కలకు ఏమీ కాదు. కానీ ఇదివరకే ఫిట్స్ వచ్చిన కుక్కకు డాక్టరును అడగకుండా ఇవి వేయకూడదు. ధర కూడా తక్కువేమీ కాదు, ఒక్కో మాత్ర వందల్లో ఉంటుంది. కూలికి వెళ్లే ఇంటివాళ్లను నెలనెలా కొనమని నేను చెప్పలేను.

మన ఊళ్లో మొదటి ఖర్చు దీనికి కాదు, కడుపులో పురుగుల మందుకు, అంటే నట్టల మందుకు పెట్టాలి. నా అభిప్రాయం గట్టిగా ఇదే. ఎందుకంటే పేను కుక్కను బాధపెడుతుంది, కడుపులో పురుగు కుక్కను దాటి మన పిల్లల దాకా వస్తుంది.

కుక్కల ఏలికపాము తల్లి కడుపులో ఉండగానే కూనలోకి చేరుతుంది. కొంకిపురుగు తల్లిపాలతో వస్తుంది, నేలలోంచి చర్మాన్ని తొలుచుకుని కూడా వస్తుంది. పుట్టిన మూడు వారాలకే పొట్ట ఉబ్బి, వెన్నెముక తేలి, బొచ్చు గరుకుబారిన కూనలను ఎన్ని చూళ్లేదు మనం? పాలు తాగుతున్నా ఒళ్లు చేయడం లేదంటే అది పురుగులకు పోతున్నట్టే. కుక్క దొడ్డికి వెళ్లినచోట మట్టిలో ఏలికపాము గుడ్లు కలుస్తాయి. రెండు మూడు వారాలకు అవి రోగం తెచ్చేంతగా పక్వమవుతాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మట్టిలో బతికుంటాయి. ఆ మట్టిలో ఆడుకుని చేయి నోట్లో పెట్టుకున్న బిడ్డ కడుపులోకి అవి వెళితే, పిల్లపురుగులు కాలేయంలోకి, ఊపిరితిత్తుల్లోకి, ఒక్కోసారి కంట్లోకి వెళ్తాయి. చూపు దెబ్బతిన్న పిల్లలు ఉన్నారు. కొంకిపురుగు పిల్ల మనిషి పాదంలోకి దూరితే చర్మం కింద వంకరటింకర గీతలు పాకుతూ, విపరీతమైన దురద పెడుతుంది. చెప్పుల్లేకుండా తడి మడిలో తిరిగే కాళ్లు మనవి.

బద్దెపురుగుది ఇంకో దారి. దాని గుడ్డును పేను పిల్లపురుగు తింటుంది, ఆ పేను పెద్దదయ్యాక కుక్క ఒంటిని కొరుక్కుంటూ దాన్ని మింగుతుంది. అక్కడి నుంచి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. కుక్క తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కదులుతుంటే అవి దాని ముక్కలే. పేలు పోకుండా ఈ పురుగు పోదు, ఎన్ని మాత్రలు మింగించినా మళ్లీ వస్తుంది.

మందేమో సులువు. కూనలకు రెండు వారాల వయసు నుంచి రెండేసి వారాలకు ఒకసారి చొప్పున మూడు నెలల వరకు, తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకొకసారి, ఆ పైన మూడు నెలలకొకసారి వేయాలి. కూనతోపాటు తల్లికీ వేయాలి. పెద్ద కుక్కలకు ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్ర మందుల షాపుల్లో దొరుకుతుంది. సాధారణంగా 10 కిలోల బరువుకు ఒకటి. మన వీధికుక్క బరువు అటూ ఇటూగా పదిహేను కిలోలు ఉంటుంది, ఒకటిన్నర సరిపోతుంది. మాత్ర ధర అంత ఎక్కువేమీ కాదు. ఏడాదికి నాలుగుసార్లు. ఇంటి ముందు అన్నం పెట్టే కుక్కకు ఇది భారం కాదు.

వేయడంలోనే చాలామంది తడబడతారు. గొంతు పట్టుకుని నోట్లో కుక్కితే కుక్క కరుస్తుంది, లేదా మాత్రను దవడ పక్కన దాచి మీరు తిరగ్గానే ఉమ్మేస్తుంది. మన ఊరి మీదుగా పోయే రోడ్డు చివరే పూడిమడక. అక్కడి నుంచి వచ్చే ఎండుచేప ముక్కను ముల్లు తీసి, కాస్త నానబెట్టి, మధ్యలో మాత్ర దూర్చండి. ముందు మాత్ర లేని ముక్క ఒకటి వేయండి. అది మింగాక మాత్ర ఉన్నది, వెంటనే ఇంకో ఉత్త ముక్క చూపించండి. మూడోదాని ఆశలో రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. తర్వాత ఐదు నిమిషాలు కనిపెట్టి చూడండి, కక్కితే తెలుస్తుంది.

"ఏటి బాబూ, గొర్రెలకి పోసినట్టు కుక్కలకీ నట్టల మందేటి?" అని టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన అడిగాడు. అవును తాతా, గొర్రె మందలో ఉంటాది, కుక్క నీ మనవడి మంచం పక్కన పడుకుంటాది కదా అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ముందు దానికే పొయ్యాల" అన్నాడు. ఆ తాత అన్నదే సరైన మాట.

ఇక గుండె పురుగు. ఇది దోమతో వస్తుంది. డైరోఫిలేరియా ఇమ్మిటిస్ అనే ఈ పురుగు పిల్లను దోమ కుక్క ఒంట్లోకి వదిలితే, ఆరేడు నెలల్లో గుండె పక్కన ఊపిరితిత్తుల ధమనుల్లో జానెడుకు పైగా పొడవు పెరుగుతుంది, ఐదారేళ్లు బతుకుతుంది. బోదకాలు తెచ్చే పురుగుకు ఇది దగ్గర చుట్టం. మన కోస్తా జిల్లాలకు బోదకాలు తరతరాల బాధ. అది రాకుండా మాత్రలు పంచడానికి ఇంటింటికీ వచ్చిన ఆరోగ్య కార్యకర్తలను మనం చూశాం. ఆ మాత్ర డైఇథైల్‌కార్బమజైన్. భీమవరంలో 1895లో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడు ఆయన బృందం కనిపెట్టిన మందు అది. దాని ఫలితాలు 1947లో ప్రకటించినప్పుడు, ఏ ప్రాణుల మీద పరీక్షించారో తెలుసా? పత్తిచేలలో తిరిగే ఒక జాతి ఎలుకలమీద, ఫైలేరియా పురుగులు సహజంగానే సోకిన కుక్కలమీద. బోదకాలు మందు మనిషికి అందడానికి ముందు దాని గుణం చెప్పినవాటిలో కుక్కలూ ఉన్నాయి. ఆ తర్వాత అదే మందును పాశ్చాత్య దేశాల్లో గుండె పురుగు రాకుండా కుక్కలకు రోజుకొకటి చొప్పున దశాబ్దాలపాటు వేశారు. ఒక తెలుగువాడి పేరు ఇలా కుక్కల వైద్యంలోనూ ఉందని మన బడి పుస్తకాల్లో చెప్పాలి. సుబ్బారావు 1948లోనే కన్నుమూశాడు, ఆ వాడకం ఆయన చూడలేదు.

1987లో ఐవర్‌మెక్టిన్ నెలవారీ మాత్రగా వచ్చాక రోజువారీ బాధ తప్పింది. జపాన్ మట్టిలోంచి సతోషి ఓమురా పట్టుకున్న సూక్ష్మజీవితో, విలియం క్యాంప్‌బెల్ చేసిన పనితో ఆ మందు పుట్టింది. ఇద్దరికీ 2015లో నోబెల్ వచ్చింది. ఈ నెలవారీ మాత్ర ముందుకు కాపలా కాయదు. గడిచిన నెలలో దోమలు వదిలిన పిల్లపురుగులను చంపుతుంది. అందుకే నెల తప్పకూడదు.

అయితే మన దగ్గర దీని అవసరం ఎంత? మన దేశంలో గుండె పురుగు ఎక్కువగా కనబడింది ఈశాన్య రాష్ట్రాల్లో. దక్షిణాదిన డాక్టర్లు ఎక్కువగా చూసేది దాని దాయాదిని, చర్మం కింద ఉండే రెపెన్స్ రకాన్ని. కేరళలో మనుషుల కంట్లోంచి కూడా దాన్ని తీశారు. కాబట్టి భయపడి ప్రతి కుక్కకూ నెలనెలా మాత్ర కొనక్కర్లేదు. దోమలు ఎక్కువున్న చోట, దగ్గు, ఆయాసం ఉన్న కుక్కకు ముందు రక్తపరీక్ష చేయించండి. ఒంట్లో పురుగు ముదిరి ఉంటే నివారణ మందు వికటించవచ్చు. ముందు పరీక్ష అన్నది సుబ్బారావు మందు రోజుల నుంచీ ఉన్న నియమమే. పశువులకు పొడిచే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మందును కుక్క నోట్లో పిండడం మాత్రం అసలు వద్దు. గుండె పురుగు రాకుండా కుక్కకు కావలసింది కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. పశువుకు వేసేది కిలోకు 200. కాలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ ఎక్కువ మోతాదు మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది.

ఇంటి కుక్కలకు ఇల్లుంది. వీధి కుక్కల మాటేమిటి? 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో, పట్టిన కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, నట్టల మందు వేసి, టీకా వేసి తెచ్చినచోటే వదలాలని చెప్పింది. ఆపరేషన్ గురించీ టీకా గురించీ అందరూ మాట్లాడారు. నట్టల మందు మాట ఎవరూ పట్టించుకోలేదు. మూడింటిలో అన్నిటికంటే చవకైనదీ, పట్టుకోకుండానే అన్నంలో కలిపి వేయగలిగిందీ అదే.

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బళ్లలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర వేస్తున్నాం. మంచి పని. కానీ ఆ పిల్లలు ఆడే మట్టిలో కుక్కలు మళ్లీ గుడ్లు వదులుతూనే ఉంటే కుక్క పురుగుల బెడద తీరదు. పిల్లల మాత్ర పిల్లల పురుగులకే, కుక్క పురుగు ఆగాలంటే కుక్కకే వేయాలి. జులై 6న జూనోసిస్ దినోత్సవం పేరుతో పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. ఆ రోజే టీకాతోపాటు ఒక నట్టల మాత్ర ఎందుకు వేయకూడదు? పంచాయతీ తీర్మానం చేసి కొద్ది డబ్బు కేటాయిస్తే, వీధికుక్కలకు రోజూ అన్నం పెట్టే ఆడవాళ్ల చేతే మాత్రలు పెట్టించవచ్చు. ఏ కుక్క ఎక్కడ తింటుందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మునగపాక సర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, చుట్టుపక్కల పంచాయతీల పెద్దలకు నా విన్నపం ఇదే. ఈసారి గ్రామసభలో ఈ విషయం ఒక అంశంగా పెట్టండి. పశువైద్యుణ్ని పిలిచి మోతాదు రాయించుకోండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేయవచ్చు. పాఠకులు మాత్రం గ్రామసభ దాకా ఆగనక్కర్లేదు. మీ గుమ్మంలో పడుకునే కుక్క బరువు అంచనా కట్టి, ఈ ఆదివారమే పశువైద్యుణ్ని అడిగి మాత్ర తెచ్చి వేయండి.