బడే గుడి అయింది!

కోస్తా పల్లెల్లో చిన్న చిన్న చర్చిల చరిత్ర తవ్వి చూస్తే, చాలాచోట్ల మొదట బయటపడేది శిలువ కాదు... నల్లబల్ల! అంతా కలిపి ఒకే గది. మట్టి గోడలు, పైన తాటాకు కప్పు. పగలు అందులో 'అ ఆ'లు, పొద్దుగూకాక లాంతరు వెలుగులో ప్రార్థన. ఆదివారం వచ్చిందంటే అదే గుడి. పిల్లలు కూర్చున్న చాపల మీదే ఆ పూట పెద్దలు కూర్చునేవారు.

ఒకే గదికి రెండు పనులు ఎందుకు? డబ్బుల్లేక మాత్రమే కాదు. ఆ రోజుల్లో ఊళ్లో వీధిబడి ఉండేది. అరుగు మీద పంతులుగారు, ఎదురుగా ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లలు. కానీ ఆ అరుగు దగ్గరికి మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు దారి లేదు. ఊరి బడి రానివ్వని చోట మిషన్ బడి పుట్టింది.

ఒంగోలు సంగతే చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చారు. పట్టణంలోని అగ్రవర్ణాల వారు తమ పిల్లలకు చదువు చెప్పమంటే బడి తెరిచారు. ఇంతలో తాళ్లకొండపాడు వైపు నుంచి మాదిగలు ఆయన దగ్గరకు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమన్నారు అవతలివారు. క్లౌ వెనక్కి తగ్గలేదు. బడి ఖాళీ అయింది!

ఆ తర్వాత 1876-78 కరవు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరవు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమంది వచ్చాక పల్లెపల్లెకూ ఓ మనిషి కావాలి... చదువు చెప్పేందుకూ, ప్రార్థన నడిపేందుకూ. ఇద్దరిని పోషించే స్తోమత ఏ పల్లెకూ లేదు. అందుకే చాలాచోట్ల పంతులూ ఆయనే, పాస్టరూ ఆయనే. డోర్నకల్ ప్రాంతంలోనూ అంతే. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్.అజరయ్య పల్లె సంఘాల భారాన్ని ఎక్కువగా మోపింది గ్రామ ఉపాధ్యాయుల భుజాల మీదే.

సర్కారు లెక్క కూడా ఒకటి ఉంది. 1854 నాటి 'వుడ్స్ డిస్పాచ్' తర్వాత ప్రైవేటు బళ్లకు గ్రాంట్లు మొదలయ్యాయి. ఆ గ్రాంటు చదువుకే తప్ప ప్రార్థనకు కాదు. ఇన్‌స్పెక్టరు వస్తే చూసేది హాజరు పట్టీనే. కాబట్టి కాగితం మీద అది బడి. పల్లె మనసులో మాత్రం రెండూ.

మరి బడి పోయి గుడి ఒక్కటే ఎలా మిగిలింది? స్వాతంత్ర్యం వచ్చాక ఊరూరా సర్కారు బళ్లు పెరిగాయి. విదేశీ మిషన్ల డబ్బు తగ్గింది. పంతులు రిటైరైతే ఆ ఖాళీలో మరొకరు రాని బళ్లు ఎన్నో. పిల్లలు అటు వెళ్లారు, గది ఆదివారానికి మిగిలింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను స్వాధీనం చేసుకునేందుకు పూనుకోవడం, తల్లిదండ్రులు రోడ్డెక్కడం, చివరికి నిర్ణయాన్ని యాజమాన్యాల ఇష్టానికి వదలడం తెలిసిందే. ఆ గొడవలో వినిపించిన పేర్లలో మిషన్ల కాలం నాటి బళ్లూ ఉన్నాయి.

ఇప్పుడు పల్లెల్లో పాత గదులు పడగొట్టి స్లాబు చర్చిలు కడుతున్నారు. జనం పెరిగారు, చోటు కావాలి. తప్పు పట్టేదేం లేదు. కానీ కూలేది గోడ ఒక్కటే కాదు. ఆ గదిలో ఓ రేకు పెట్టె ఉంటుంది. అందులో చెదలు పట్టిన అడ్మిషన్ రిజిస్టరు ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ పుట్టినరోజు రాసిపెట్టుకోని కాలంలో పంతులుగారు వేసిన తేదీయే ఆ కుటుంబానికి పుట్టినతేదీ. తాతల తరంలో చాలామంది పేరు మొదటిసారి కాగితమెక్కింది అక్కడే. అంతకుముందు వాళ్ల పేర్లు రాసినవారెవరు? అప్పు పత్రాలు తప్ప!

1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా కూడా మిషన్ బడిలో పంతులుగా పనిచేసినవారే. అలాంటి బళ్లలో అక్షరం నేర్చినవారి పిల్లలు, మనవలు నేడు టీచర్లు, నర్సులు, గుమస్తాలు, కలెక్టర్లు. వారి చరిత్రకు ఆధారం ఏ రాజుగారి శాసనమో కాదు... ఆ రిజిస్టరే.

కొత్త చర్చికి శంకుస్థాపన చేసే పెద్దలు పలుగు వేసేముందు ఓ పని చేయొచ్చు. ఆ రేకు పెట్టె తెరిపించి, రిజిస్టరు పేజీలను ఫోనులోనైనా ఫొటోలు తీయించొచ్చు. ఆ బడిలో చదివిన ముసలివారిని కూర్చోబెట్టి, పంతులుగారి పేరేమిటో, బెత్తం ఎంత పొడవుండేదో చెప్పించొచ్చు. కొత్త గోడ మీద శంకుస్థాపన చేసినవారి పేర్లు ఎలాగూ చెక్కిస్తారు. పక్కనే ఇంకో వరుసకు చోటు ఉండకపోదు... 'ఇక్కడ బడి ఉండేది' అని!