ఆధారమెంతో మాట అంతే

మన విద్యార్థులు ఇంగ్లీషులో వ్రాసే వ్యాసాలను, ప్రాజెక్టు నివేదికలను చూచే అవకాశం నాకు తరచు కలుగుతున్నది. వాటిలో అక్షరదోషాలుంటాయి, వ్యాకరణదోషాలుంటాయి. అవి కాలక్రమాన తొలగిపోయేవే. నన్ను కలవరపెట్టేది మరొకటి. పుటపుటలోనూ 'ఇట్ ఈజ్ ప్రూవ్డ్ దట్' అనే పదబంధం! ఇరవైమంది స్నేహితులను ప్రశ్నించినా అదే, వార్తాపత్రికలో చదివినా అదే, ఎవరో చెప్పగా విన్నా అదే. తెలుగు పంతులుకు ఇంగ్లీషు వాక్యంతో పనేమిటని ఇంగ్లీషు శాఖ మిత్రులు చిరునవ్వు నవ్వవచ్చు. ఐతే ఇది ఇంగ్లీషుకు మాత్రమే చెందిన సమస్య కాదని నా అభిప్రాయం.

తెలుగు మాట్లాడేవాడు ఈ విచక్షణను ఉగ్గుపాలతోనే నేర్చుకొంటాడు. 'వాన పడింది' అన్నవాడు ఆ మాటకు తానే పూచీ. 'వాన పడిందట' అన్నవాడు విన్నమాటను చేరవేస్తున్నాడు. 'వాన పడినట్లుంది' అన్నవాడు తడిసిన నేలను చూచి ఊహిస్తున్నాడు. ఉర్దూలో 'సునా హై', 'లగ్తా హై' అనేవి ఇదే పని చేస్తాయి. ఇంటిలో ఇంత జాగ్రత్తగా మాట్లాడే పిల్లవాడు ఇంగ్లీషు కాగితం ముందు కూర్చోగానే ఈ తేడాలన్నీ విడిచిపెట్టి ప్రతిదానికీ తానే పూచీ పడుతున్నాడు. ఇంగ్లీషులోనూ మెట్లున్నాయి. ఒకరు తెలిపినదానికి 'రిపోర్ట్', ఆధారం ఒకవైపు మొగ్గితే 'సజెస్ట్', లెక్కలో స్పష్టంగా కనబడితే 'షో'. 'ప్రూవ్' అనే మాటను గణితశాస్త్రజ్ఞునికీ, న్యాయస్థానానికీ వదలివేయడం మేలు. ఇక 'అకార్డింగ్ టు మీ' అనేది వినసొంపుగా లేదు సరికదా, తన మాటనే పరాయివాని మాటగా చెప్పుకొన్నట్లుంటుంది. సొంత అభిప్రాయానికి 'ఇన్ మై ఒపీనియన్' ఉండనే ఉన్నది.

'ఎవిడెన్సెస్' అని బహువచనం వ్రాయడానికి కారణం సులభంగానే తెలుస్తుంది. మనకు ఆధారాలు, సాక్ష్యాలు ఉన్నాయి గదా. ఇంగ్లీషులో ఆ మాట బంగారం వంటిది. తూచవచ్చు గాని లెక్కపెట్టలేము. ముక్కగా చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ ఎవిడెన్స్' అనాలి. ఈమధ్య 'ఎవిడెన్స్ బేస్డ్ ఫైండింగ్స్' అనే మోజు కూడ బయలుదేరింది. 1990 దశకం ఆరంభంలో వైద్యశాస్త్రం ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన విశేషణమది. ఆధారంపై నిలవవలసినది చికిత్స, విధానం, నిర్ణయం. ఫైండింగ్ అంటేనే ఆధారం నుండి తేలినది. దానికి మళ్ళీ ఆ విశేషణం తగిలిస్తే 'తడి నీరు' అన్నట్లే.

పొదుపైన మాటకు ఉదాహరణ మన ముంగిటనే ఉన్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో నల్లని రేణువులు గల కణాలను చూచాడు. ఆ దోమ కుట్టినది హుసేన్ ఖాన్ అనే రోగిని; కాటుకు ఒక అణా చొప్పున పుచ్చుకొని ఆయన దోమలకు ఒళ్ళప్పగించాడు. (కీర్తి రాస్‌కు దక్కింది, అణాలు హుసేన్ ఖాన్‌కు దక్కాయి.) ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన వ్యాసానికి రాస్ పెట్టిన పేరు 'ఆన్ సమ్ పెక్యూలియర్ పిగ్మెంటెడ్ సెల్స్ ఫౌండ్ ఇన్ టూ మస్కిటోస్ ఫెడ్ ఆన్ మలేరియల్ బ్లడ్'. ఆ శీర్షికను మన విద్యార్థులు ఒక్కొక్క మాటగా చదవాలి. 'ఫౌండ్' అన్నాడు, 'ప్రూవ్డ్' అనలేదు. దోమలు రెండే అని లెక్క చెప్పాడు. ఆ కణాలు 'పెక్యూలియర్'. అంటే అవేమిటో ఇంకా తేలలేదు. మలేరియాను దోమలు వ్యాపింపజేస్తాయన్న మాట శీర్షికలో లేనే లేదు. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియా మీద పరిశ్రమించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులదాకా సాగే మార్గాన్ని చూచాడు. మానవుల విషయం అదే ఏట ఇటలీ శాస్త్రజ్ఞులు తేల్చారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. చిన్న మాటతో మొదలుపెట్టినందువల్ల ఆయనకు పోయినదేమీ లేదు.

మనకైతే పోయేది చాలా ఉన్నది. 'సచార్ కమిటీ ప్రూవ్డ్ దట్ ముస్లిమ్స్ ఆర్ బ్యాక్‌వర్డ్' అనే ధోరణిలో మన పిల్లలే వ్రాస్తున్నారు. 2006లో నివేదిక సమర్పించిన ఆ సంఘం ప్రధానంగా జనగణన, జాతీయ నమూనా సర్వే వంటి లెక్కలను విశ్లేషించింది. 2001 జనగణన ప్రకారం ముస్లిముల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 64.8 శాతం. 'ద సెన్సస్ ఆఫ్ 2001 షోస్' అని ఆరంభించి ఈ రెండు అంకెలు వ్రాస్తే ఎవరూ కాదనలేరు. 'బ్యాక్‌వర్డ్' అని తేల్చివేసే వాక్యమో, ఒక కొలతను మనుషుల స్వభావంగా మార్చివేస్తున్నది. వ్యత్యాసమెంతో ఆ అంకెలు చెబుతాయి, ఎందుకో చెప్పవు. 'బికాజ్' అని వ్రాయడానికి వేరే ఆధారం కావాలి.

ఇది పరీక్ష మార్కులతో పోయే విషయం కాదు. ముస్లిములలోని కొన్ని వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన 2007 నాటి చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. వెనుకబడిన తరగతుల కమిషన్ సమాచారం సేకరించిన తీరులోని లోపాలు ఆ తీర్పులో ఒక ప్రధానాంశం. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో ఆ సౌకర్యం కొనసాగింది. ఎందరి చదువులో ఆధారం మీదా, దానిని చెప్పే వాక్యం మీదా వ్రేలాడుతున్నాయన్నమాట.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి స్వల్పమైనది. గ్రంథాలయంలో సచార్ నివేదిక ప్రతి ఒకటి, జనగణన పట్టికలు కొన్ని ఉంచాలి. చివరి సంవత్సరం విద్యార్థులు వాటిలో ఏదేని ఒక పట్టికను గురించి ఇంగ్లీషులో ఒక పుట వ్రాయాలి. ఆ పుటలో 'ప్రూవ్' అనే మాట ఉండరాదు. దిద్దే పనిలో సగం నేను పంచుకొంటాను, ఇంగ్లీషు శాఖవారు అనుమతిస్తే.