ఉగ్గాని మనది కాదా?

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

ఉగాది టిఫిన్ మెనూ గ్రూపులో పెట్టారు. ఇడ్లీ, పులిహోర, కేసరి. ఏటా ఉండే ఉగ్గాని-బజ్జీ ఈసారి లేదు. ఎందుకని అడిగితే, "అది ఇక్కడివాళ్ల సుస్లా అండీ, తెలుగు వంట కాదు. మన పండగకి మన వంటే ఉండాలి" అని జవాబొచ్చింది. దానికి చాలామంది లైకులు కూడా కొట్టారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కర్నూలు, ఆదోని, అనంతపురంలో పొద్దున్నే టిఫిన్‌కి పోతే ఉగ్గాని-బజ్జీ. బళ్లారిలోనూ అంతే. మన దేవదుర్గలో, రాయచూరులో దాన్నే సుస్లా అంటారు. ఇంకొన్ని ఊళ్లలో మండక్కి ఒగ్గరణె. చేసే పద్ధతి మాత్రం ఒకటే. బొరుగులు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లి నిమ్మకాయ పిండాలి. కన్నడంలో ఒగ్గరణె అంటే తాలింపు. ఉగ్గాని, ఒగ్గరణె రెండూ పైకి పలికి చూడండి, చుట్టరికం మీ చెవికే తెలుస్తుంది.

1956 నవంబర్ 1 దాకా మన రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు జిల్లా మైసూరుకి వచ్చింది. ఇదే జిల్లాలోని గద్వాల, అలంపూర్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. అంతకు ముందు 1953 అక్టోబర్ 1న బళ్లారి మైసూరుకి, ఆదోని ఆంధ్రకి. గీతలు ఆఫీసుల్లో గీశారు. పొయ్యి మీద బాణలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో లూసియానా రాష్ట్రంలో జంబలాయా అని అన్నం వంటకం ఉంది. ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికా వంటలు కలిసి పుట్టింది. టమాటా వేస్తే క్రియోల్, వేయకపోతే కేజన్ అని అక్కడ చెప్తారు. ఎంత కలిసినా అది ఆ రాష్ట్రం వంటగానే పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు అసలు విషయం. కలిసినదాన్నల్లా తీసేస్తే సంఘంలోంచి ముందు పోవాల్సింది నేనే. నా చదువు తమిళ మీడియం. చిన్నప్పుడు బొరుగుల్ని పొరి అన్నవాణ్ణి. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నాను. మన కోడళ్లలో కన్నడ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది లేరు? ఈ మెనూ వాళ్ల పిల్లలకి చెప్పేదేమిటి? "మీ అమ్మ వంట పండగకి పనికిరాదు" అనేగా?

"భాష ఎలాగూ పోతోంది, వంటైనా నిలబెట్టుకుందాం" అనేవాళ్ల బాధ నాకు తెలుసు. నా మనవడికీ తెలుగు చదవడం రాదు. అందుకు ఆదివారం తెలుగు క్లాసు పెట్టండి, నేనే వచ్చి అక్షరాలు దిద్దిస్తాను. ఉగ్గాని తీసేస్తే ఏ పిల్లవాడికీ ఒక్క అక్షరం రాదు.

కమిటీ వారికి నా మనవి: మెనూ మార్చండి. బొరుగులు, మిరపకాయల ఖర్చు నాది. గిన్నె ముందు చీటీ మీద ఉగ్గాని, సుస్లా అని రెండు పేర్లూ ఉండాలి. తెలుగులో నేను రాస్తాను, కన్నడంలో మా కోడలు రాస్తుంది.