చెవిలో యంత్రం పెట్టి చేతులు దులుపుకుంటారా?

కృష్ణా డెల్టా తల్లిదండ్రులారా!

అవనిగడ్డ వైపు ఒక ఊళ్లో రెండో తరగతి పాప బడి తెరిచినప్పటి నుంచి ఆఖరి బెంచీలో మాటాపలుకూ లేకుండా కూర్చుంటోంది. పుట్టు చెవుడు. రెండేళ్లు నిండకముందే కాక్లియర్ ఇంప్లాంట్ చేశారు. నిరుడు పద్యం అప్పజెప్పింది. ఆ తర్వాత చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ పాడైంది. వారంటీ తీరిపోయింది, కొత్తది లక్షల్లో అవుతుందన్నారు. తండ్రి రొయ్యల చెరువుల మీద కూలీ. లోపల అమర్చిన భాగం నిక్షేపంగా ఉంది, బయటి మిషన్ బీరువాలో ఉంది. నేర్చిన మాటలు ఒక్కొక్కటే పోతున్నాయి.

ఇలాంటి పిల్లలు మీ వీధిలోనూ ఉండొచ్చు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్లనే పేదింటి బిడ్డకు ఈ ఆపరేషన్ అందింది. అది గొప్ప పని, కాదనం. తర్వాత దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ఇన్నిసార్లు బోర్డులు మార్చిన వాళ్లకు తెగిన వైరు ఒక్కటి మార్చడం చేతకాలేదా?

ఆ వైరు సంగతి ఇంప్లాంట్ బిడ్డను పెంచే ప్రతి తల్లికీ తెలుసు. ప్రాసెసర్ నుంచి తల మీద అయస్కాంతంతో అంటుకునే కాయిల్ దాకా సన్నటి తీగ. వంపు దగ్గరే తెగుతుంది. మే నెల ఉక్కకు చెమట మైక్‌లోకి దిగుతుంది, దివిసీమలో ఉప్పుగాలి తోడవుతుంది. రాత్రిపూట సిలికా జెల్ డబ్బాలో పెట్టి ఎంత ఆరబెట్టినా ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. బ్యాటరీలు, కాయిల్, వైరు, ఆఖరికి ప్రాసెసరే. వారంటీ తీరాక అన్నీ మన నెత్తినే. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువ తవ్వి శివారు పొలానికి నీళ్లు వదలకపోతే ఎట్లాగో, ఇదీ అట్లాగే.

ఆపరేషన్ తర్వాత మిషన్ మొదటిసారి ఆన్ చేసిన రోజున బిడ్డకు వచ్చేది వినికిడి కాదు, ఏదో చప్పుడు. ఆ చప్పుడు మాటగా మారాలంటే ఏళ్ల తరబడి మ్యాపింగ్ (మిషన్‌ను బిడ్డ వినికిడికి తగ్గట్టు సరిచేయడం), స్పీచ్ థెరపీ కావాలి. 2010లో అమెరికాలో 188 మంది పిల్లల మీద వచ్చిన అధ్యయనం, ఏడాదిన్నర లోపు ఇంప్లాంట్ అయినవాళ్లకు మిగతావాళ్ల కన్నా మాటలు బాగా వచ్చాయని తేల్చింది. ఇంట్లో తల్లిదండ్రులు బిడ్డతో ఎంత బాగా మాట్లాడితే అంత మేలు అనీ, కలిగిన ఇళ్ల పిల్లలు ముందున్నారనీ కూడా చెప్పింది. కూలిపని మానుకుని నాగాయలంక నుంచి విజయవాడకు బస్సెక్కే తల్లి ఎన్నాళ్లు తిరగగలదు? థెరపీ మానేసిందని ఆమెను తప్పుపట్టేవాళ్లు ముందు బస్సు ఛార్జీ లెక్కగట్టండి.

ఖజానాలో డబ్బు లేదంటారు. ఒక్కో బిడ్డకు లక్షలు పోసి, ఆ లక్షలు బీరువా పాలైతే అది ఆదా చేసినట్టా? సైగల భాష ఉందిగా అంటారు. కోరి నేర్చుకునేవారికి అది వారి హక్కు. బిడ్డ తలకు కోత పెట్టి, మాటలు వస్తాయని ఆశపెట్టాక ఆ మాట చెప్పే అర్హత సర్కారుకు లేదు. కేరళ తన శ్రుతితరంగం పథకంలో మరమ్మతులనూ ప్రాసెసర్ మార్పిడినీ చేర్చింది. అక్కడి బిడ్డకు అక్కర్లేని బీరువా మన బిడ్డకెందుకు?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ నిర్ణీత ఆదాయ పరిమితి లోపు వారికి పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటోంది. దాన్నిబట్టే అడుగుతున్నాం. పద్దెనిమిదేళ్లు నిండేదాకా వైర్లు, బ్యాటరీలు, ప్రాసెసర్ ప్రభుత్వమే ఇవ్వాలి. గుడివాడ, అవనిగడ్డ, మచిలీపట్నం, కైకలూరు ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టును వేయాలి, మ్యాపింగ్ అక్కడే జరగాలి. మిషన్ పాడైన బిడ్డకు, బాగయ్యేదాకా వాడుకోవడానికి మరొకటి చేతికివ్వాలి. కాన్పు అయిన ప్రతి ఆసుపత్రిలో బిడ్డను ఇంటికి పంపేలోగా చెవి పరీక్ష చేయాలి. నామకరణం నాటికి తెలియాల్సిన చెవుడు మూడేళ్లకు బయటపడితే ఆ పోయిన కాలాన్ని ఏ ఆపరేషనూ తిరిగివ్వదు.

వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే వేళకు ఎన్టీఆర్ జిల్లా వాళ్లు విజయవాడ కలెక్టరేట్‌కు, కృష్ణా జిల్లా వాళ్లు మచిలీపట్నం కలెక్టరేట్‌కు రండి. పిల్లల్ని వెంట తీసుకురండి. ఆపరేషన్ కాగితాల జిరాక్సులు, మరమ్మతు బిల్లులు, పనిచేయని మిషన్లు మరిచిపోకండి. ఎవరి అర్జీ వాళ్లే ఇచ్చి, రసీదు చేతికి తీసుకున్నాకే కదలండి.

— ఇంప్లాంట్ పిల్లల తల్లిదండ్రులు